పద్నాలుగో గొర్రె మోకాలు

మూడో విడత, 158వ రోజు

పొద్దున్నే ఇసుక పరిచాం. ఇరవై అడుగుల పొడవు, రెండు వేళ్ల మందం. దాని మీద గొర్రెల్ని ఒక్కొక్కటిగా నడిపించి గిట్టల అచ్చుల లోతు కొలవడం నా ఉద్యోగం. కుడి వెనక కాలు ఎడమ వెనక కాలంత లోతుగా దిగితే ఐదు మార్కులు. నేలకు ఆనీ ఆనకుండా ఉంటే సున్నా. ఎముకల మీద డాక్టరేట్ చేసిన మనిషిని, నలభై ఆరేళ్ల వయసులో గొర్రెలకు నడకలో మార్కులు వేస్తున్నాను.

మందు పెట్టిన పన్నెండింటిలో పదకొండుకు ఐదేసి పడ్డాయి. మందు పెట్టని పన్నెండూ రెండు, మూడు దగ్గరే కుంటుతున్నాయి. డైరెక్టర్ పరాంకుశం గారు డోలీలోంచి దిగకుండానే కాగితం చూసి "అద్భుతం" అన్నారు. మా కేంద్రం ఉన్న ఈ బండ మీదకి ఆయన ఒక్కసారి కూడా తన కాళ్లతో మెట్లెక్కి రాలేదు. మోకాళ్ల కేంద్రానికి డైరెక్టర్ కావాలంటే మోకాళ్లు వాడకుండా దాచుకోవాలేమో.

మందు పేరు చిగురు. ప్రతి గొర్రెకీ కుడి మోకాట్లో పెన్సిల్ మందాన రంధ్రం తొలిచి, సగం గొర్రెల్లో ఈ జెల్ నింపుతాం, సగాన్ని ఖాళీగా వదిలేస్తాం. జెల్‌లో ఉన్న ప్రోటీన్ ఎముకనూ, దాని మీద ఉండే మృదులాస్థినీ పెరగమంటుంది. అవి పెరుగుతాయి. ఎప్పుడు ఆగాలో దానికి ఎవరు చెబుతారని చేరిన కొత్తల్లో అడిగాను. "శరీరానికి తెలుసు" అన్నారు పరాంకుశం గారు. ఆయన శరీరం సంగతి నాకు తెలియదు. నాది నలభై ఆరేళ్లుగా నా మాట వినలేదు.

180వ రోజున గొర్రెల్ని కోస్తారు. మోకాళ్లు నాకు, మాంసం పట్నానికి. నూట ఎనభై రోజులే ఎందుకంటే మేత అంతవరకే మంజూరైంది. 181వ రోజున పట్నంలోని మేడల నుంచి నలభైమంది మెట్లవాళ్లు వస్తారు. లిఫ్టులు ఆగిపోయినప్పటి నుంచి ముప్పై అంతస్తుల పైకి నీళ్లూ బియ్యమూ మోస్తున్నది వాళ్లే. ముప్పై ఐదేళ్లకే మోకాళ్లు అరిగిపోతాయి. చిగురు పెట్టించుకునే మొదటి మనుషులు వాళ్లే. జాబితాలో ఏడో పేరు ఐలవ్వ. మా గొర్రెల్ని కాసే కొమురవ్వకు చెల్లెలు.

"ఇంక ఇరవై మూడు దినాలు డాక్టరమ్మా," అంది కొమురవ్వ ఇసుక ఊడుస్తూ. "మా చెల్లె మల్ల ఉరుకుతది సూడు."

తలూపాను. తలూపడంలో నాకు చాలా అనుభవం.

162వ రోజు

డైరెక్టర్ గదిలో సమావేశం. ఆయన వెనక గోడ మీద ఆ బొమ్మ, తలుపంత ఎత్తున: రెండో విడత, పద్నాలుగో గొర్రె, కుడి మోకాలు. మృదులాస్థిని పల్చటి పొరగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో తీసిన చిత్రం. పాలమీగడలా నున్నగా, ఎక్కడా అతుకు లేకుండా. పట్నంలో ప్రతి మేడ కింద మెట్ల మొదట్లో ఇదే బొమ్మ అంటించారు. "సహజమైన మృదులాస్థితో ఎలాంటి తేడా కనిపించలేదు" అన్న వాక్యం దాని కింద ఉంది. ఆ వాక్యం నాది. సంతకమూ నాదే.

ఇక్కడ ఒక సంగతి రాసుకోవాలి. ఆరోజు ఆ ముక్కను చూసినప్పుడు, మృదులాస్థి కింది ఎముకలో మేం తొలిచిన రంధ్రం ఆనవాలు కోసం వెతికాను. ఎంత బాగా మానినా గుండ్రటి నీడ ఒకటి మిగలాలి. కనపడలేదు. నా పుస్తకంలో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను. సాయంత్రం పరాంకుశం గారు వచ్చి "మనం గెలిచాం మృణాళిని గారూ" అని స్వయంగా టీ పోసి ఇచ్చారు. టీ తాగి, ప్రశ్నార్థకం చెరిపేశాను.

ఎవరైనా బెదిరించి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. నేను లొంగింది ఒక కప్పు టీకి. అందులో చక్కెర కూడా లేదు.

165వ రోజు

కొమురవ్వ పనికి రాలేదు. బండకు అవతలి వైపున్న ఆమె గుడిసెకి వెళ్లాను. నన్ను చూడగానే వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"లోపటికి రాకమ్మా, అలికిన. తడారలే."

వాకిలి దుమ్ము కొట్టుకుని ఉంది. గుడిసె వెనకనుంచి మువ్వ చప్పుడు వినపడితే అటు నడిచాను. పొట్టి తాడుకు కట్టేసిన గొర్రె. నుదుటి మీద పసుపు, అదే వాళ్లు బండారి అంటారు. మెడలో మువ్వ. అది నన్ను చూసి బెదిరి లేవబోయింది. కుడి వెనక కాలు కర్రలా ముందుకు చాపి, మిగతా మూడు కాళ్ల మీద తంటాలు పడి లేచింది. ఆ కాలు మడవలేదు. మడవలేకపోతోంది.

"ఎవరిదిది?"

"దేవునిది. బీరన్నకు మొక్కిన."

"దేవుడి గొర్రె చెవికి మన కేంద్రం చిల్లెందుకుంది కొమురవ్వా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తీసేసి, గట్టిగా, తగాదాకి వచ్చినట్టు మాట్లాడింది.

"పద్నాలుగోది. ఔ, మీ పద్నాలుగోదే. అన్నింట్ల అదే ముంగట ఉరికేది. గీ మందు మా ఐలవ్వకు దొరికితే, మందుతోని బాగైన గొర్రెనే నీకిస్త బీరన్నా అని మొక్కిన. మొక్కినంక మీ కత్తికెట్లిస్త? నా మందల్నుంచి దాని ఈడుదాన్నే దెచ్చి మీ కొట్టంల కట్టేసిన. తలకు తల. కేంద్రం సొమ్ము ఒక్క బొచ్చు గూడ తినలే నేను."

"మరి నువ్వు కట్టేసిన దాని మోకాలి మీద కుట్ల మచ్చ?"

"చెవి పొడిచి, బొచ్చు గీకి, తోలు మీద గాటు వెట్టిన. డాక్టరమ్మ పట్టి పట్టి జూస్తదని బుగులైంది. నువ్వు సూడనే లేదు."

నేను అక్కడే మేత గంప మీద కూర్చున్నాను. గోడ మీది బొమ్మ, మేడల కింద బొమ్మ, నా వాక్యం, నా సంతకం. సహజమైన మృదులాస్థితో తేడా కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? అది ఎవరూ వేలు పెట్టని మోకాలు. రంధ్రమే లేని చోట రంధ్రం అద్భుతంగా పూడిపోయిందని నేను రాశాను. గొల్లున నవ్వొచ్చింది. కొమురవ్వ భయపడి నీళ్లు తెచ్చిచ్చింది.

"ఎప్పటినుంచి ఇట్లా కాలు మడవడం లేదు?"

"దసరా దాటినంక కుంటుడు షురువైంది. జెరంత జెరంత బిగుసుకున్నది. మిమ్ములను మోసం జేసిన గదా, బీరన్నకు కోపమొచ్చిందనుకున్న. అందుకే ఎవ్వలికి జెప్పలే."

దసరా అంటే దానికి మందు పెట్టిన ఎనిమిదో నెల. మా నూట ఎనభై రోజులూ ఆరో నెలతో అయిపోతాయి.

168వ రోజు

మధ్యాహ్నం కరెంటు వచ్చే రెండు గంటల్లో ఎక్స్‌రే తీశాం. కొమురవ్వ గొర్రెను భుజాల మీద వేసుకుని మోసుకొచ్చింది.

ఎడమ మోకాట్లో రెండు ఎముకల మధ్య నల్లటి సందు చక్కగా ఉంది. కుడి మోకాట్లో సందు లేదు. తొడ ఎముక వెళ్లి కాలి ఎముకలో కలిసిపోయింది. చుట్టూ అల్లం కొమ్ముల్లా బుడిపెలు. మందు తన పని తాను చేసుకుంటూ పోయింది. మృదులాస్థిని పెంచింది, దాన్ని ఎముకగా మార్చింది, ఆ ఎముకనూ పెంచింది.

ఇక నా జబ్బు మొదలైంది. అనుమానం. ఆరు నెలలు పొట్టి తాడుకు కట్టేస్తే ఏ కీలైనా బిగుసుకుంటుంది కదా? తాడు వల్లేమో. లోపల చీము పట్టిందేమో. ఒక్క గొర్రెను చూసి ఏం చెప్పగలం? అర్ధగంట సేపు డైరెక్టర్ తరఫున నాతో నేనే వాదించాను, ఆయనకన్నా బాగా. చివరికి ఎడమ కాలు వంచి చూశాను. హాయిగా వంగింది. అదే తాడు, అదే నేల, అదే గొర్రె. వాదన మిగల్లేదు.

కొమురవ్వకు ఎక్స్‌రే చూపించాను. కుడి మోకాలి మీద వేలు పెట్టింది.

"అయితే దేవుని కోపం గాదా ఇది?"

"కాదు."

"మీదా?"

169వ రోజు

ఇది జరిగింది జరిగినట్టు రాస్తాను.

"అంటే నా గోడ మీద ఉన్నది..." అన్నారు పరాంకుశం గారు.

"మామూలు గొర్రె మోకాలు సర్."

ఆయన కుర్చీ తిప్పి బొమ్మ వైపు చూశారు. అభిమానంగానే చూశారు. మళ్లీ నా వైపు తిరిగారు.

"ఒక్క గొర్రె. దొంగిలించిన గొర్రె. పైగా దేవుడి గొర్రె. దీన్ని పట్టుకుని ఏ కమిటీ ముందు నిలబడతారండీ మీరు? నవ్వుతారు."

"ఆ విడతలో మందు పెట్టిన మిగతా పదకొండూ ఉంటే వాటినే చూపించేదాన్ని సర్. పట్నం తినేసింది."

"చూడండి, మన ప్రయోగం నూట ఎనభై రోజులు. నూట ఎనభై ఒకటో రోజున ఏమవుతుందన్నది మన ప్రశ్న కాదు. మనం అడగని ప్రశ్నకి జవాబు తప్పయిందని మనల్ని ఎవరూ అనలేరు."

ఈ వాక్యాన్ని ఇంతకన్నా పెద్ద అక్షరాలతో మేడల కింద అంటించవచ్చు.

"మనుషులకు పెట్టబోతున్నాం సర్."

"ఆ వాక్యం కింద సంతకం ఎవరిదో గుర్తుందా మృణాళిని గారూ?" అన్నారు చాలా మృదువుగా. ఈసారి టీ కూడా ఇవ్వలేదు.

ప్రయోగానికి అనుమతిచ్చే కమిటీకి ఉత్తరం రాశాను. కేంద్రం నుంచి వెళ్లే ప్రతి ఉత్తరం మీదా డైరెక్టర్ ముద్ర ఉండాలి. పొద్దున రాసింది సాయంత్రానికి నా బల్ల మీదకే తిరిగొచ్చింది. రెండు అక్షరదోషాలు దిద్దారు.

180వ రోజు

ఇరవై నాలుగు గొర్రెలూ అయిపోయాయి. నలభై ఎనిమిది మోకాళ్లు నా బల్ల మీద.

చిగురు పెట్టినవి పైకి అందంగా ఉన్నాయి. రంధ్రాలు పూడాయి, తెల్లగా, తడిగా. అంచుల దగ్గర కత్తి దించితే మాత్రం పన్నెండింటిలో తొమ్మిదింట్లో కరకరమంది. మృదులాస్థిలో ఇసుక రేణువుల్లాంటి ఎముక. మొన్నటి విడతలోనూ ఈ శబ్దం విని ఉంటాను. కత్తికి పదును తగ్గిందనుకుని కొత్త కత్తి అడిగినట్టు గుర్తు.

డైరెక్టర్‌కి కబురు పంపాను. "ఆరు నెలల నడక మార్కులు ఎంత?" అని తిరుగు కబురు వచ్చింది.

ఐదు.

181వ రోజు

పొద్దెక్కేసరికి నలభైమంది బండ మీదకి ఎక్కి వచ్చారు. అందరూ ఆడవాళ్లే. మేడల్లో మగవాళ్లు గేట్ల దగ్గర కూర్చుని ఎవరు ఏం మోసుకెళ్లారో రాసుకుంటారట. ఐలవ్వను గుర్తుపట్టడం కష్టం కాలేదు. కొమురవ్వ ముఖమే, పదేళ్లు చిన్నది. మోకాళ్లు మాత్రం పదేళ్లు పెద్దవి.

డైరెక్టర్ వచ్చేలోపు వాళ్లకి చెప్పేయాలనుకున్నాను. చెప్పాను. ఎముక అన్నాను, మృదులాస్థి అన్నాను, ఎనిమిదో నెల అన్నాను. విశ్వవిద్యాలయం నాకు ఇచ్చిన మాటలన్నీ వాడేశాను.

"ఆరు నెల్లు మంచిగుంటయా, ఉండయా?" అంది ఐలవ్వ.

"ఉంటాయి. కానీ తర్వాత వంగవు."

"ఇప్పుడు వంగుతున్నయని ఎవలన్నరు నీకు? మూల్గుతున్నయ్."

"వంగకుంటే మంచిదే తియ్యక్కా," అంది వెనకనుంచి నర్సవ్వ అనే సన్నటి మనిషి. "మేస్త్రి ముంగట వంగే పని తప్పుతది."

నలభైమందీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అంతలోనే సిగ్గేసింది. ఆరు నెలల సుఖం ఎక్కువో, తర్వాతి కర్ర కాలు ఎక్కువో వాళ్లకి చెప్పడానికి నేనెవర్ని? రోజూ రెండు మెట్లు దిగి ఉద్యోగానికి వెళ్లే మనిషిని. వాళ్లలో ఒకామె "మేడల కింద బొమ్మ జూసినం, కింద నీ పేరే ఉన్నది గదా" అంది. ఔను, ఉంది.

కొమురవ్వ ఇదంతా పట్టించుకోలేదు. "మీ మాటలైనంక అన్నం దిందురు" అని వెళ్లిపోయింది. మొక్కు తీర్చే రోజు ఇదే. మందు చెల్లెలి చేతికి అందే రోజు. పద్నాలుగో గొర్రెను తెచ్చి, బండారి చల్లి, బీరన్నకు చెప్పుకుని కోసింది. తోలు తీసి, ముక్కలు కొట్టడానికి అందరి ముందూ గోనె పరుచుకుని కూర్చుంది.

ఎడమ కాలు మోకీలు దగ్గర కత్తి మొన పెట్టి ఒక తిప్పు తిప్పింది. ఊడొచ్చింది. కుడి కాలు తీసుకుంది. మొన పెట్టింది. జరిపింది. మళ్లీ పెట్టింది. మాట్లాడుతున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. వాళ్లలో మాంసం కొట్టని చెయ్యి లేదు. కీలు ఎక్కడుంటుందో కళ్లు మూసుకుని చెప్పగలరు.

"ఇంక జెరంత కిందికి పెట్టు," అంది ఒకామె.

"పెట్టిన."

"ఇటియ్యి, నీకు సాతగాదు."

కాలు చేతులు మారింది. ఆమె బొటనవేలితో తడిమి, కత్తి దించబోయి, ఆగి, పక్కామెకి ఇచ్చింది. ఆమె ఇంకొకరికి. వేళ్లు సందు కోసం వెతుకుతున్నాయి. నాకు ఎక్స్‌రే కావలసి వచ్చింది. వాళ్లకు అక్కర్లేకపోయింది.

చివరికి ఐలవ్వ చేతికొచ్చింది. తన మోకాలి మీద అడ్డంగా పెట్టుకుని, రెండు కొసలూ పట్టుకుని, బలమంతా పెట్టి నొక్కింది. రోజుకు నలభై కడవలు మోసే చేతులవి. కాలు వంగలేదు. ఆమె మోకాలి మీద ఎర్రటి గుర్తు పడింది.

"ఏందక్కా ఇది?"

"ఈ మందు పెట్టిన గొర్రెనే," అంది కొమురవ్వ తలెత్తకుండా. "మందల అన్నింటికన్న ముంగట ఉరికింది."

అప్పుడే డైరెక్టర్ డోలీ దిగారు. "ఏమిటిక్కడ ఈ వంటలు? ఒప్పుకోలు కాగితాల మీద వేలిముద్రలు పడ్డాయా?"

ఐలవ్వ కాలు ఆయనకు అందించింది. "సారూ, గీ కీలు జెర ఇడగొట్టియ్యి. మాకైతలేదు."

ఆయన అలవాటు కొద్దీ అందుకున్నారు. ఎంత కాదన్నా శాస్త్రం చదువుకున్న చేతులు. బొటనవేలు దానంతటదే సందు ఉండవలసిన చోటికి వెళ్లి, అటూ ఇటూ కదిలి, ఆగిపోయింది. ఆయనకు తెలిసిపోయింది. ఆయనకు తెలిసిందని మాకూ తెలిసింది. జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నారు.

"దీనికీ మన మందుకీ ఏ సంబంధమూ లేదు. ఇది జాబితాలో లేని గొర్రె."

"జాబితాలో ఉంది సర్," అన్నాను. నా గొంతు నాకే వికారంగా, పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు వినిపించింది. "పద్నాలుగు. మేడల కింద అంటించిన బొమ్మ దీనిది కాదు. మందు పెట్టని గొర్రెది. చూసుకోకుండా నేనే రాశాను, నేనే సంతకం పెట్టాను. మందు పెట్టింది దీనికి."

ఐలవ్వ నా వైపు తిరిగింది. "నాకు పెడితే ఎన్నొద్దులకు ఇట్లైతది?"

"తెలీదు."

"అవుతదా, కాదా?"

"అదీ తెలీదు. పన్నెండు గొర్రెల్లో తొమ్మిదింటికి మొదలైంది."

"గిది ముందుగాల జెప్తే అయిపోయేది గదా. ఎముకంట, ఇంకేందోనంట..." అని ఆమె తన పేరున్న కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, పొయ్యిలో కాకుండా, నడుం దగ్గర దోపుకుంది. "ఇంటికాడ మా మేస్త్రికి సూపియ్యాలె. మందుకు పోయిన, మందే సరిగ లేదని."

ముప్పై ఏడుగురు వేలిముద్ర వెయ్యలేదు. ముగ్గురు వేశారు. అందులో నర్సవ్వ ఒకరు. నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

"ఆరు నెల్లంటే నీకు తక్కువనిపిస్తున్నది డాక్టరమ్మా," అంది. "నువ్వెన్నడు మొయ్యలే."

ఆ మాట ఆమె అన్నది అన్నట్టే ఇక్కడ రాసుకున్నాను.

183వ రోజు

డైరెక్టర్ నివేదిక పంపేశారు. "స్థానిక మూఢనమ్మకాల కారణంగా ముప్పై ఏడుగురు స్వచ్ఛంద సభ్యులు వెనక్కి తగ్గారు. ముగ్గురిలో ప్రయోగం విజయవంతంగా ప్రారంభమైంది." చదివితే బండ మీద మేమందరం పూనకం వచ్చి ఊగినట్టుంది. గోడ మీది బొమ్మ అక్కడే ఉంది. నాకు ఈ నెలాఖరుతో ఉద్యోగం నుంచి సెలవు. కొమురవ్వకు నిన్ననే.

నర్సవ్వ వాళ్లు ముగ్గురూ కట్లతో వార్డులో ఉన్నారు, పేకాడుకుంటున్నారు. మిగతావాళ్లు ఈ పొద్దున దిగిపోయారు. కొమురవ్వ కూడా గొంగడి భుజాన వేసుకుని చెల్లెలితో వెళ్లింది. నేను బండ అంచున నిలబడి చూశాను.

ఐలవ్వ అందరికన్నా వెనక పడింది. పదేసి మెట్లకొకసారి ఆగి, గొంతుక్కూర్చుని, మోకాళ్లు పట్టుకుని తిట్టడం మొదలుపెట్టింది. ముందు కేంద్రాన్ని, తర్వాత డైరెక్టర్‌ని, తర్వాత నన్ను, ఆపైన అక్కని, చివరికి బీరన్నని. బండ మొత్తం వినపడింది. కొమురవ్వ పక్కనే నిలబడి అన్నీ విని, అయిపోగానే చెయ్యి అందించేది. ఐలవ్వ ఆ చెయ్యి తోసేసి, తొడల మీద అరచేతులు ఆన్చి తనే లేచేది.

కింది దాకా లెక్కపెట్టాను. ముప్పై మూడు సార్లు కూర్చుంది. ముప్పై మూడు సార్లూ లేచింది.